కీళ్లు టకటకమంటే బెంగ వద్దు

ఉబాల్లో, అంటే వరినాట్ల రోజుల్లో, రోజంతా వంగి నాట్లేసి, పొద్దుగూకాక పీట మీంచి లేస్తే మోకాళ్లు టకటకమంటాయి. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు మనవాళ్లు "గుజ్జు అరిగిపోయింది" అని బెంగపడతారు. నొప్పీ వాపూ లేని చప్పుడు మామూలే.

మెటికలు విరిచినప్పుడు కీలు సాగి, లోపలి జిగురు ద్రవంలో ఒత్తిడి పడిపోతుంది. అందులో కరిగి ఉన్న వాయువు బుడగ కడుతుంది. అందుకే వెంటనే మళ్లీ విరిస్తే మోగదు, సుమారు 20 నిమిషాలు ఆగాలి. అమెరికా వైద్యుడు డొనాల్డ్ అంగర్ 60 ఏళ్లు ఎడమచేతి మెటికలే విరిచి చూశాడు. ఏ చేతికీ కీళ్లవాతం రాలేదు. మోకాలి కిర్రు వేరు, అది తరచుగా చిప్ప కింది రాపిడి.

దానికి తొడ కండ బలపడాలి. కుర్చీలో నిటారుగా కూర్చుని ఒక కాలు నేలకు సమంగా చాచండి. పాదం వేళ్లు మీవైపు లాగితే చిప్ప పైనున్న కండ రాయిలా బిగుస్తుంది, చెయ్యేసి చూడండి. 5 లెక్కపెట్టి మెల్లగా దించండి. ఒక్కో కాలికి 10 సార్లు, రోజుకు రెండు పూటలా. దబ్బున వదిలేయొద్దు, దించేటప్పుడూ కండ పనిచేయాలి. పొలంలో అరగంటకోసారి నడుం ఎత్తి నాలుగడుగులు వేయండి.

మోకాలు వాచినా, వేడెక్కి ఎర్రబడినా, మధ్యలో పట్టేసి చాపలేకపోయినా ఇవన్నీ ఆపి ఎముకల డాక్టరుకు చూపించండి.