గాల్‌బ్లాడర్ ఆపరేషన్ తర్వాత ఇంటికి బయలుదేరే ముందు జాగ్రత్తలు

• నొప్పి మాత్రలు ఏ పూట ఏది, అన్నానికి ముందా తర్వాతా అని సిస్టర్‌ని అడిగి చీటీ మీదే రాయించుకోండి. బయలుదేరే ముందే ఒకటి వేసుకోవచ్చా అని కూడా అడగండి. ఉప్పల్ నుంచి మియాపూర్ దాకా ట్రాఫిక్‌లో కూర్చోవడమంటే మాటలు కాదు.

• ఆటో వద్దు, కారు మాట్లాడుకోండి. చిన్న దిండు దగ్గర పెట్టుకోండి. స్పీడ్ బ్రేకర్ వచ్చినా, దగ్గు వచ్చినా దాన్ని రెండు చేతులతో పొట్టకు మెల్లగా అదిమి పట్టుకుంటే బొడ్డు దగ్గరి కుట్టు అంతగా లాగదు.

• భుజం నొప్పి పుడితే చాలామంది హడలిపోతారు, పాపం. చిన్న రంధ్రాలతో చేసే (ల్యాప్రోస్కోపిక్) ఆపరేషన్‌లో పొట్ట ఉబ్బించడానికి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపుతారు. దానివల్ల ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ అనే కండరం రేగితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. సాధారణంగా 2, 3 రోజుల్లో తగ్గిపోతుంది. ఇంట్లోనే మెల్లగా నడుస్తుండండి. ఛాతీ పట్టేసి ఆయాసం వస్తే మాత్రం గ్యాసే అనుకుని కూర్చోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

• నీళ్ల బిందెలు, బియ్యం మూటలు ఎత్తే పని ఇంట్లోవాళ్లకు ముందే అప్పగించండి.

• కళ్లు పచ్చబడినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, వాంతులు ఆగకపోయినా, కడుపునొప్పి తగ్గకుండా పెరుగుతున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. డాక్టరు నంబరు ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.