వెన్నుపూసలు అరిగాయని రిపోర్టు వస్తే ఏం చేయాలి

అరవై దాటిన అమ్మకో నాన్నకో నడుము నొప్పి అని ఎమ్మారై తీయిస్తే, డీజెనరేటివ్ (అరుగుదల), డిస్క్ బల్జ్ (పూసల మధ్య ఉండే మెత్తటి డిస్కు ఉబ్బడం), ఆస్టియోఫైట్స్ (అంచుల్లో పెరిగిన ఎముక) అంటూ పేజీ నిండా రాసి ఇస్తారు. అది చదివి ఇంటిల్లిపాదీ టెన్షన్ పడతారు, ఇక అమ్మని చీపురు కూడా పట్టుకోనివ్వరు. ముందు ఒక విషయం తెలుసుకోండి. నొప్పి ఏమీ లేని మామూలు మనుషులకు తీసిన స్కాన్ల వివరాలన్నీ కలిపి 2015లో ఒక పరిశీలన ప్రచురించారు. అందులో 20 ఏళ్ళ వాళ్ళలోనే 37 శాతం మందికి డిస్కుల్లో అరుగుదల ఉంది, 80 ఏళ్ళ వాళ్ళలో అయితే 96 శాతం మందికి. కాబట్టి స్కాన్‌లో అరుగుదల కనిపించినంత మాత్రాన నొప్పి దానివల్లే అనుకోనక్కర్లేదు, డాక్టరు మనిషిని పరీక్షించి ఏం చెప్పారన్నదే ముఖ్యం.

లోపల జరిగేది ఇదీ. పూసల మధ్య మెత్తగా ఉండే డిస్కుల్లో వయసుతో నీరు తగ్గి అవి పలచబడతాయి, దాంతో వెన్ను వెనకవైపు ఉండే చిన్న చిన్న కీళ్ళ మీద బరువు ఎక్కువ పడి అవీ అరుగుతాయి, అంచుల్లో ఎముక కాస్త పెరుగుతుంది. ఎక్కువ వంగేవీ తిరిగేవీ మెడ, నడుమే కాబట్టి బాధ కూడా అక్కడే ఎక్కువ. పక్కనున్న నరం నలిగితే చేతిలోకో కాల్లోకో లాగుతుంది, తిమ్మిరెక్కుతుంది. పెద్దవాళ్ళలో నడుము దగ్గర నరాల దారే ఇరుకైపోవడం కూడా ఉంటుంది, దాన్ని పట్టుకోవడం తేలికే: కాసేపు నడిస్తే పిక్కలు, తొడలు బరువెక్కి లాగేస్తాయి, కూర్చుంటే హాయి. సూపర్ మార్కెట్‌లో బండి మీదకు వంగి తోసుకుంటూ ఎంతసేపైనా తిరుగుతారు గానీ ఖాళీ చేతులతో వీధి చివరిదాకా నడవలేరు. కూర్చోకుండా ఊరికే నిలబడినా నొప్పి తగ్గిపోతోందంటే అది కాళ్ళ రక్తనాళాల సమస్య కావచ్చు, షుగర్ ఉన్నవాళ్ళూ పొగతాగేవాళ్ళూ ఆ పరీక్ష కూడా చేయించుకోవాలి.

షుగర్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. రెండు అరికాళ్ళూ మంట, తిమ్మిరి అంటే అన్నీ వెన్ను మీదకు తోసేయకండి. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడి బి12 విటమిన్ తగ్గినా అలాగే ఉంటుంది. షుగర్, బి12 ఎంతున్నాయో రక్తపరీక్షలో తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు చేయాల్సింది. కదలాలి. నొప్పి బాగా ఎక్కువైనప్పుడు ఒకటి రెండు రోజులు పడుకోవచ్చు, అంతకుమించి మంచం మీదే ఉంటే కండరాలు బలహీనపడి నొప్పి ఇంకా పెరుగుతుంది. రోజూ నడవండి, ఒకేసారి అరగంట నడవలేకపోతే పది పది నిమిషాలుగా మూడుసార్లు నడవండి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుమును పరుపుకేసి మెల్లగా నొక్కడం, ఒక్కో మోకాలిని ఛాతీ వైపు లాక్కోవడం, పిరుదులు పైకెత్తి కొన్ని క్షణాలు ఆపడం, మెడకైతే తల వంచకుండా గడ్డాన్ని వెనక్కి లాక్కోవడం, ఇవి ఒక్కసారి ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుంటే ఆ తర్వాత ఇంట్లోనే చేసుకోవచ్చు. యూట్యూబ్ చూసి అందరూ భుజంగాసనం మొదలుపెడతారు, కానీ నరాల దారి ఇరుకైనవాళ్ళకు వెనక్కి వంగితే ఆ దారి ఇంకా ఇరుకవుతుంది, బాధ ఎక్కువవుతుంది. మెడ అరుగుదల ఉన్నవాళ్ళు శీర్షాసనం, సర్వాంగాసనం జోలికి వెళ్ళకూడదు.

ఇంట్లో చిన్న మార్పులు చాలా పనిచేస్తాయి. కత్తిపీట ముందు గంటలు వంగి కూర్చునే బదులు కూరగాయలు బల్ల మీద తరగడం, పొడుగు కర్ర ఉన్న చీపురు వాడటం, నిండు బిందె బదులు సగం సగం మోయడం, వేడి కాపడం పెట్టుకోవడం. గట్టి నేల మీదే పడుకోవాలన్న నియమం ఏమీ లేదు, దీర్ఘకాలం నడుము నొప్పి ఉన్నవాళ్ళకు మరీ గట్టి పరుపు కన్నా మధ్యరకందే మేలని 2003లో స్పెయిన్‌లో చేసిన పరిశీలనలో తేలింది. నడుము బెల్టు ప్రయాణాల్లో సరే, రోజంతా బిగించుకోవద్దు.

మందుల విషయంలో మాత్రం దయచేసి జాగ్రత్త. మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కొనుక్కుని నెలల తరబడి మింగేవాళ్ళు మన ఊళ్ళల్లో చాలామంది. వాటివల్ల కడుపులో పుండ్లు పడి రక్తం పోవచ్చు, బీపీ పెరగొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు, బీపీ మందులు వాడే పెద్దవాళ్ళకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్ వేసుకుంటే కళ్ళు తిరిగి పడిపోవచ్చు, కాబట్టి రాత్రి బాత్రూమ్‌కి లేచేటప్పుడు లైటు వేసుకోమనండి. పేరు లేని పొట్లాల పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు, రెండు రోజుల్లో నొప్పి మాయమైందని మురిసిపోవద్దు. సెలూన్‌లో కటింగ్ అయ్యాక మెడ పట్టుకుని టక్కున తిప్పుతారు చూడండి, అది అస్సలు చేయించుకోకండి. మెదడుకు వెళ్ళే రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి.

కొన్ని లక్షణాలుంటే ఇవేవీ చేస్తూ కూర్చోకూడదు. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలం మీద పట్టు తప్పినా, కూర్చునే భాగంలో స్పర్శ లేకపోయినా, కాలు ఉన్నట్టుండి బలహీనపడినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళాలి, రాత్రి అయినా సరే. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, పడిపోయిన తర్వాత మొదలైన నొప్పి, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండటం, వీటిలో ఏది ఉన్నా త్వరగా చూపించాలి. మెడ సమస్య ఉన్నవాళ్ళు గుండీలు పెట్టుకోలేకపోతున్నా, అన్నం కలుపుతుంటే వేళ్ళు పట్టు తప్పుతున్నా, నడకలో తూలుతున్నా వెన్నుపాము నలుగుతోందేమో అని అనుమానించాలి. దీనికి నొప్పి ఉండకపోవచ్చు కూడా, అందుకే ఆలస్యమైపోతుంది.

ఆపరేషన్ గురించి చెప్పాలంటే చాలామందికి అక్కర్లేదు. కాలి బలం తగ్గుతున్నప్పుడు, వెన్నుపాము నలుగుతున్నప్పుడు, లేదా నెలల పాటు వ్యాయామం, మందులు సరిగ్గా వాడినా నాలుగడుగులు వేయలేకపోతున్నప్పుడు ఆలోచించాలి. మొదటి విజిట్‌లోనే ఆపరేషన్ అన్నారంటే, అత్యవసరం కాకపోతే, స్కాన్ ఫిల్ములు పట్టుకుని ఇంకో వెన్ను సర్జన్‌కి చూపించి, చేయించకపోతే ఏమవుతుందో ఆయన్ని నేరుగా అడగండి.