సంక్రాంతికి ఊరెళ్లే ముందు కారు బెల్టు లాకులు చూసుకోండి

పండక్కి బయల్దేరే ముందు టైర్లలో గాలి చూస్తాం, ఇంజిన్ ఆయిలు చూస్తాం, వైపర్లు కూడా చూస్తాం. వెనక సీటు బెల్టుల జోలికి మాత్రం ఎవరూ పోరు. ఏడాదంతా సీటు కవరు కింద కూరుకుపోయి ఉన్న బకిల్ (బెల్టు లాకు), సరిగ్గా కారు నిండా మనుషులున్న రోజునే పట్టదు. లేదంటే పట్టాక వదలదు. అందుకే ప్రయాణానికి కనీసం వారం ముందే చూసుకోవాలి. బకిల్ మార్చాల్సి వస్తే ఆ విడిభాగం తెప్పించడానికి రోజులు పట్టవచ్చు. వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోకపోయినా మోటారు వాహనాల చట్టం 194బి సెక్షను కింద 1000 రూపాయల జరిమానా ఉంది. కానీ అసలు భయపడాల్సింది జరిమానాకు కాదు. బెల్టు లేని మనిషి ప్రమాదంలో ముందు సీటు మీదికి ఎగిరి పడతాడు, ముందున్నవాళ్లకు కూడా దెబ్బ తగులుతుంది.

లోపల ఏముందో తెలిస్తే ఎక్కడ ఇరుక్కుంటుందో అర్థమవుతుంది. బెల్టుకు ఉన్న లోహపు నాలుక మధ్యలో ఒక కన్నం ఉంటుంది. నాలుక బకిల్‌లోకి దిగగానే స్ప్రింగు తోసిన గొళ్లెం ఆ కన్నంలో పడుతుంది. మనకు వినబడే ‘టక్’ అదే. ఎర్ర బటన్ నొక్కితే గొళ్లెం లేస్తుంది, ఇంకో స్ప్రింగు నాలుకను బయటికి తోస్తుంది. ఈ భాగాల మధ్య సందులు చాలా సన్నం. సకినం నుంచి రాలిన నాలుగు నువ్వులు, జంతిక ముక్క, అరిసె పాకం, కూల్‌డ్రింకు చుక్కలు ఎండిన జిగురు, పిల్లలు దూర్చిన రూపాయి బిళ్ల, వీటిలో ఏదైనా చాలు.

మొదటగా సీటు కవరు పైకి లాగి బకిళ్లన్నీ బయటికి తీయండి. ఏ నాలుక ఏ బకిల్‌దో చూసుకోండి. చాలా కార్లలో వెనక మధ్య సీటు నాలుక వెడల్పు వేరుగా ఉంటుంది, పక్క బకిల్‌లో పట్టదు. బకిల్ పాడైందని పొరబడేది ఎక్కువగా ఇక్కడే. తర్వాత ఒక్కో బకిల్‌ను పదేసి సార్లు పెట్టి తీయండి. ప్రతిసారీ శబ్దం స్పష్టంగా రావాలి, గట్టిగా గుంజినా ఊడకూడదు, బటన్ నొక్కగానే నాలుక తనంతట తానే పైకి రావాలి, బటన్ మళ్లీ పైకి లేవాలి.

శబ్దం రాకుండా నాలుక లోపల నిలబడి, గుంజితే ఊడి వచ్చేస్తోందంటే అది అన్నిటికన్నా ప్రమాదకరం. ఊడిరాని బకిల్ కనీసం తన లోపాన్ని మనకు చెబుతుంది. సగం పట్టిన బకిల్ ఏమీ చెప్పదు, మీరు బెల్టు పెట్టుకున్నాననే అనుకుంటారు. డ్యాష్‌బోర్డు మీద బెల్టు లైటు ఆరిందని ధీమా పడవద్దు. లోపలి స్విచ్చు కదిలిందని మాత్రమే ఆ లైటు చెబుతుంది, గొళ్లెం పూర్తిగా పడిందని కాదు.

శుభ్రం చేసేటప్పుడు ఇంజిన్ ఆపి, తాళం తీసేయండి. ఫోను టార్చి వేసి సందులోకి చూడండి. మొదట వ్యాక్యూమ్ క్లీనర్ సన్న మూతిని సందుకు ఆనించి, బటన్‌ను నొక్కుతూ వదులుతూ ఒక నిమిషం పీల్చండి. నువ్వులు, ఇసుక చాలావరకు అక్కడే వచ్చేస్తాయి. పంక్చరు షాపు గాలి కొట్టించవద్దు, ఆ ఒత్తిడికి చెత్త ఇంకా లోపలికి పోతుంది. నాణెం కనిపిస్తే సన్న ట్వీజర్‌తో తీయండి. అది అందకపోతే ఐస్‌క్రీమ్ పుల్ల చివర రెండువైపులా అంటుకునే టేపు చుట్టి, నాణేనికి అద్ది పైకి లాగండి. అయస్కాంతంతో పని జరగదు, రూపాయి బిళ్లకన్నా ముందు లోపలి ఉక్కు గొళ్లేనికే అతుక్కుంటుంది.

జిగురైతే గోరువెచ్చని నీళ్లలో ముంచి బాగా పిండిన ఇయర్ బడ్ వాడండి. పంచదార, బెల్లం నీటికే కరుగుతాయి. బడ్ మీద మరక రాకుండా అయ్యేదాకా కొత్తవి మారుస్తూ తుడవండి. పదిహేను ఇరవై బడ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. బకిల్‌లోకి నీళ్లు మాత్రం పోయకూడదు, లోపల కరెంటు స్విచ్చు ఉండవచ్చు. నాలుకను కూడా తడి గుడ్డతో తుడవండి. సగం జిగురు దానికే ఉంటుంది, దాన్ని వదిలేస్తే రేపు మళ్లీ లోపలికి చేరుతుంది. తలుపులు తెరిచి రాత్రంతా ఆరనివ్వండి.

నూనె వేయవద్దు. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె, తుప్పు వదిలించే స్ప్రే ఏదైనా సరే. ఆ పూటకు బటన్ మెత్తగా దిగుతుంది, నిజమే. నెల తిరిగేసరికి ఆ నూనె దుమ్మును పట్టుకుని నల్లటి ముద్దవుతుంది, గొళ్లెం పూర్తిగా పడనివ్వదు. స్క్రూడ్రైవరుతో బకిల్‌ను విప్పవద్దు. స్ప్రింగులు ఎగిరిపోతాయి, తిరిగి బిగించినా ఆ గొళ్లెం ప్రమాదంలో నిలబడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా కొన్ని కార్లలో ముందు సీటు బకిల్‌కే ప్రిటెన్షనర్ ఉంటుంది. అది ఢీకొన్న క్షణంలో చిన్న మందుగుండుతో పేలి బెల్టును బిగించే పరికరం. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే ముట్టుకోవద్దు.

బటన్ ప్లాస్టిక్ పగిలి ఉంటే శుభ్రం చేయడం వృథా, బకిల్ మార్చాల్సిందే. 1995లో అమెరికాలో, జపాన్ కంపెనీ తకాటా తయారుచేసిన బెల్టులున్న 80 లక్షలకు పైగా కార్లను రీకాల్ చేయాల్సి వచ్చింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు బటన్ ప్లాస్టిక్ పెళుసెక్కి, ముక్కలు లోపల పడి బకిల్ ఇరుక్కోవడమే కారణం. ఎండలోనే నిలబడే మన కార్లకు ఇది గుర్తుంచుకోవాల్సిన సంగతి. కొత్త బకిల్ ఆ కారు కంపెనీదే వేయించండి. గుద్దుకున్న కార్ల నుంచి తీసిన పాతవి వద్దు. బీప్ శబ్దం రాకుండా బకిల్‌లో దూర్చే ఉత్త క్లిప్పు ఉంటే ఇవాళే తీసి పారేయండి. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వాటి అమ్మకం ఆపమని ఐదు ఆన్‌లైన్ సంస్థలను ఆదేశించింది.

పసిపిల్లల సీటు బకిల్ సంగతి వేరు. అందులో కరెంటు ఉండదు. కాళ్ల మధ్య పట్టీని సీటు నుంచి ఊడదీసి, బకిల్ వరకే గోరువెచ్చని నీళ్ల గ్లాసులో ముంచి, బటన్ పదిసార్లు నొక్కి, తలకిందులుగా విదిలించి ఆరబెట్టండి. పట్టీ తడవకూడదు, సబ్బు వేయకూడదు. ముందు ఆ సీటుతో వచ్చిన పుస్తకం చదవండి.

మనిషి కూర్చుని ఉండగా బకిల్ వదలకపోతే బెల్టును గుంజవద్దు. గుంజేకొద్దీ నాలుక గొళ్లేన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. సీటును వెనక్కి జరిపి బెల్టు వదులు చేయండి, నాలుకను లోపలికే నొక్కి పట్టుకుని, అలాగే బటన్ నొక్కి, అప్పుడు పైకి లాగండి. చాలాసార్లు వస్తుంది. అయినా రాకపోతే, అత్యవసరమైతే బెల్టు కోసేయాలి. కట్టరు డిక్కీలో కాదు, బెల్టు పెట్టుకుని ఉండగానే చేయి చాచితే అందేచోట ఉండాలి. బెల్టును ఒంటికి దూరంగా లాగి బిగువుగా పట్టుకుని, ఏటవాలుగా కోస్తే త్వరగా తెగుతుంది.

ఆరిన తర్వాత మళ్లీ పదిసార్లు పరీక్షించండి. అందులో ఒక్కసారి తప్పినా, బకిల్ మార్చేదాకా ఆ సీటులో ఎవరినీ కూర్చోబెట్టవద్దు. పండగలోపు విడిభాగం రాకపోతే, ఆ ఒక్కరికీ బస్సు టికెట్టు తీయండి.