బ్రౌజర్ బుక్‌మార్కులు బ్యాకప్ తీయడం ఎలా? పోయినవి వెనక్కి తెచ్చుకోవడం ఎలా?

నల్లగొండలో మాది చిన్న కంప్యూటర్ సర్వీస్ షాపు. ఎవరు సిస్టమ్ ఫార్మాట్‌కు తెచ్చినా ముందు నేనడిగేది ఒకటే: "బుక్‌మార్కులు తీసుకున్నరా?" "తీసుకున్న అన్నా, పెన్‌డ్రైవ్‌ల ఉన్నయి" అని ధీమాగా చెప్తారు. మొన్న ఎండాకాలంలో ఒక డాక్యుమెంట్ రైటర్ కూడా ఇదే మాట చెప్పాడు. ఆయన బుక్‌మార్కుల్లో మండలానికో ఫోల్డర్ ఉంటుంది: నకిరేకల్, కట్టంగూరు, మునుగోడు, చండూరు. పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే అందులో ఉన్నది క్రోమ్ షార్ట్‌కట్. డెస్క్‌టాప్ మీది బొమ్మను లాగి పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాడు, అంతే. సైజు రెండు కేబీలు. అది తలుపు మీద అంటించిన పేరు లాంటిది, ఇంట్లో సామాను దానివెంట రాదు.

ఇలాంటివి చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

ముందు ఎక్స్‌పోర్ట్ (రెండు నిమిషాల పని)

ఎక్స్‌పోర్ట్ అంటే బుక్‌మార్కులన్నింటినీ ఒక ఫైలుగా బయటికి తీయడం. కావాల్సింది ఒక పెన్‌డ్రైవ్. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడింట్లోనూ కంట్రోల్, షిఫ్ట్, ఓ కలిపి నొక్కితే బుక్‌మార్కుల జాబితా తెరుచుకుంటుంది. ఎడ్జ్‌లో వాటిని ఫేవరెట్స్ అంటారు, వస్తువు ఒకటే.

1. క్రోమ్‌లో బుక్‌మార్క్ మేనేజర్ లోపల, వెతికే పెట్టె ఉన్న వరుసలో కుడి చివర మూడు చుక్కలు ఉంటాయి. ఎక్స్‌పోర్ట్ బుక్‌మార్క్స్ అక్కడే దొరుకుతుంది. దానికి పైన బ్రౌజర్ మూలన ఇంకో మూడు చుక్కలు ఉంటాయి. సగం మంది వాటిని నొక్కి "ఆప్షనే లేదన్నా" అని ఫోన్ చేస్తారు.

2. ఎడ్జ్‌లో తెరుచుకున్న ఫేవరెట్స్ జాబితాలోని మూడు చుక్కలు నొక్కి ఎక్స్‌పోర్ట్ ఫేవరెట్స్ ఎంచుకోండి.

3. ఫైర్‌ఫాక్స్‌లో లైబ్రరీ కిటికీ వస్తుంది. ఇంపోర్ట్ అండ్ బ్యాకప్ అనే చోట హెచ్‌టీఎంఎల్‌కు (వెబ్ పేజీలా తెరుచుకునే ఫైలుకు) ఎక్స్‌పోర్ట్ చేసే మాట ఉంటుంది.

4. ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి సేవ్ చేయండి. డెస్క్‌టాప్ మీద వద్దు. డెస్క్‌టాప్ ఉండేది సీ డ్రైవ్‌లో, ఫార్మాట్ కొట్టేదీ సీ డ్రైవ్‌నే. బ్యాకప్ తీసి డెస్క్‌టాప్ మీద పెట్టి ఫార్మాట్‌కు ఇచ్చిన వాళ్లను నేను చాలామందిని చూశాను.

ఫైలు పేరు మార్చడం మర్చిపోవద్దు. క్రోమ్ పేరులో తేదీ కూడా పెడుతుంది గానీ, భాష అమెరికా ఇంగ్లిష్‌లో ఉంటే నెల ముందు, రోజు తర్వాత వస్తుంది. మూడు, ఏడు అని కనబడితే మనం జూలై 3 అనుకుంటాం, అది మార్చి 7. సంవత్సరం, నెల, రోజు వరుసలో మీరే పేరు పెట్టండి. ఇంకే పద్ధతీ నేను ఒప్పుకోను.

ఫైలు తెరిచి చూడనిదే ఎక్స్‌పోర్ట్ అయినట్టు కాదు

సేవ్ అయిన ఫైలును డబుల్ క్లిక్ చేస్తే లింకుల పెద్ద పేజీ రావాలి. మీ ఫోల్డర్ల పేర్లు, వాటి కింద సైట్ల పేర్లు కనబడాలి. వీలైతే వేరే కంప్యూటర్‌లో పెట్టి చూడండి. పేజీ ఖాళీగా వస్తే, ఫైలు ఒక్క కేబీ కూడా లేకపోతే, తప్పు చాలాసార్లు ప్రొఫైల్ దగ్గర ఉంటుంది. ఇంట్లో తండ్రి, కొడుకు ఒకే సిస్టమ్ వాడుతుంటే క్రోమ్‌లో రెండు ప్రొఫైల్స్ ఉంటాయి. ఎక్స్‌పోర్ట్ అయ్యేది అప్పుడు తెరిచి ఉన్న ప్రొఫైల్ ఒక్కటే. పైన కుడివైపు గుండ్రటి బొమ్మ నొక్కి ఎవరి ప్రొఫైల్‌లో ఉన్నారో చూసుకుని మళ్లీ తీయండి.

ఇంకో మాట. ఆ ఫైలును వర్డ్‌లో తెరిచి "కొంచెం నీట్‌గ చేద్దాం" అని సేవ్ కొట్టకండి. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా ఫరవాలేదు కానీ, సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్‌ను (అక్షరాలను ఫైలులో దాచే పద్ధతిని) ఆన్సీకి మారిస్తే తెలుగులో పెట్టుకున్న పేర్లన్నీ ప్రశ్నార్థకాలు అవుతాయి. నోట్‌ప్యాడ్‌లో చూస్తే మొదటి వరుసలో నెట్‌స్కేప్ అనే పేరు ఉంటుంది. ఆ బ్రౌజర్‌ను 2008లోనే ఆపేశారు. దాని ఫైలు పద్ధతి మాత్రం ఇప్పటికీ అన్ని బ్రౌజర్లకూ అర్థమవుతుంది. అందుకే నేను హెచ్‌టీఎంఎల్ ఫైలునే నమ్ముతాను. బ్యాకప్ కోసం ప్రత్యేకంగా ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు) దొరుకుతాయి, నేను ఎవరికీ వేయను. బ్రౌజర్‌లోనే ఉన్న పనికి బయటి మనిషిని పిలవడం దేనికి?

ఇంపోర్ట్ చేశాక, అంటే ఆ ఫైలును మళ్లీ బ్రౌజర్‌లోకి తెచ్చాక, ఏమీ రాలేదా? చాలావరకు వచ్చే ఉంటుంది. క్రోమ్‌లో ముందే బుక్‌మార్కులు ఉంటే, తెచ్చినవన్నీ ఇంపోర్టెడ్ అనే ఫోల్డర్‌లో పడతాయి. అది చూడకుండా నాలుగుసార్లు ఇంపోర్ట్ కొడితే ఒక్కో లింకు నాలుగుసార్లు చేరుతుంది. వాటిని ఏరడానికి మీకు ఒక ఆదివారం పోతుంది.

"సింక్ ఆన్‌ల ఉంది గదన్నా"

ఈ మాట వింటే నాకు బీపీ పెరుగుతుంది. సింక్ అంటే అన్ని చోట్లా ఒకేలా ఉంచడం. మీరు ఫోన్‌లో పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే కంప్యూటర్‌లోనూ అది పోతుంది. చేర్చినవాటిని పంచినంత శ్రద్ధగా తీసేసినవాటినీ పంచుతుంది. సింక్ పెట్టుకోండి, మంచిదే. అదే బ్యాకప్ అనుకోకండి.

పోయిన తర్వాత: ఇక్కడ తొందరపడితే అంతే

అసలు కష్టం ఇక్కడే. నిదానంగా చదవండి.

ఇప్పుడే డిలీట్ అయితే, బుక్‌మార్క్ మేనేజర్ ఇంకా తెరిచే ఉంటే, ముందు కంట్రోల్ జెడ్ కొట్టండి. చాలాసార్లు అక్కడితో పని అయిపోతుంది.

అది పని చేయకపోతే ఇంకేమీ చేయకండి. కొత్త బుక్‌మార్క్ పెట్టకండి, "మళ్లీ తెరిస్తే వస్తయేమో" అని బ్రౌజర్‌ను మూసి తెరవకండి. కారణం చెప్తాను. క్రోమ్ మీ బుక్‌మార్కులను ప్రొఫైల్ ఫోల్డర్‌లో బుక్‌మార్క్స్ అనే ఫైలులో దాస్తుంది. దాని పక్కనే అదే పేరు చివర డాట్ బ్యాక్ (.bak) ఉన్న నకలు ఉంటుంది. క్రోమ్ తెరిచిన తర్వాత బుక్‌మార్కుల్లో మొదటి మార్పు జరిగినప్పుడు, అప్పటిదాకా ఉన్న ఫైలు ఆ నకలులోకి వెళ్తుంది. ఫోల్డర్ పోయాక మీరు క్రోమ్ మూసి, మళ్లీ తెరిచి, ఒక్క లింకు చేర్చారంటే ఆ నకలు కూడా ఫోల్డర్ లేని నకలే అవుతుంది. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది ఆ పని చేసుకునే వస్తారు.

కాబట్టి వరుస ఇది, ఒక్కటి కూడా తప్పకూడదు.

ముందు అడ్రస్ బార్‌లో క్రోమ్ అని, కోలన్, రెండు స్లాష్‌లు, వెర్షన్ అని ఇంగ్లిష్‌లో ఖాళీ లేకుండా కొట్టండి. వచ్చిన పేజీలో ప్రొఫైల్ పాత్ అనే వరుస ఉంటుంది. ఆ దారిని కాపీ చేసి పెట్టుకోండి. ఇది ఎందుకంటే, ఆ దారి యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్ గుండా వెళ్తుంది. యూట్యూబ్ చూసి వెతుకుతూ వేరే ప్రొఫైల్ ఫోల్డర్‌లో చేయి పెట్టి ఉన్నవి కూడా చెడగొట్టుకున్న వాళ్లున్నారు.

రెండోది, నెట్ తీసేయండి. వైఫై ఆఫ్, ల్యాన్ కేబుల్ ఉంటే పీకేయండి. నెట్ ఉంటే సింక్ వచ్చి మీరు వెనక్కి తెచ్చినవాటిని మళ్లీ తుడిచేస్తుంది.

మూడోది, క్రోమ్‌ను పూర్తిగా మూయండి. గుణకారం గుర్తు నొక్కితే చాలదు, కొన్నిసార్లు అది వెనక నడుస్తూనే ఉంటుంది. టాస్క్ మేనేజర్ తెరిచి అక్కడ క్రోమ్ పేరు లేదని చూసుకోండి. నడుస్తున్న క్రోమ్ బుక్‌మార్కులను తన మెమరీలో పెట్టుకుంటుంది. మీరు ఫైలు మార్చినా తర్వాత దాని మీద తన పాత జాబితా రాసేస్తుంది.

నాలుగోది, కాపీ చేసుకున్న దారిని ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో పేస్ట్ చేసి ఆ ఫోల్డర్ తెరవండి. పేరులో బుక్‌మార్క్స్ అని ఉన్న ప్రతి ఫైలునూ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. కట్ కాదు, కాపీ. ఇది చేశాకే తర్వాతి అడుగు. ఇక్కడ నేను పది సెకన్లు చేతులు కట్టుకుని మరీ కూర్చుంటాను, వేలు తొందరపడకుండా.

సైజులు చూడండి. డాట్ బ్యాక్ పెద్దగా ఉండి, మామూలు ఫైలు చిన్నగా ఉంటే ప్రాణం నిలిచినట్టే. రెండూ చిన్నవే అయితే నకలు కూడా మారిపోయిందన్నమాట. అప్పుడు పాత ఎక్స్‌పోర్ట్ ఉందేమో వెతుక్కోవాలి. విండోస్‌ను ఫార్మాట్ చేయకుండా పైనుంచే మళ్లీ ఎక్కించి ఉంటే సీ డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్ ఉండొచ్చు. అందులో యూజర్స్ కింద పాత ప్రొఫైల్ మొత్తం దొరుకుతుంది. అప్‌గ్రేడ్ చేసిన 10 రోజులకు విండోసే దాన్ని తుడిచేస్తుంది, ఆలస్యం చేయకండి.

ఐదోది, మామూలు ఫైలు పేరును పాతది అని మార్చి, డాట్ బ్యాక్ ఫైలు చివర ఉన్న డాట్ బ్యాక్ తీసేయండి. పేరు మారిస్తే ఫైలు పనికిరాకుండా పోవచ్చని విండోస్ భయపెడుతుంది. ఎస్ కొట్టండి. చివర డాట్ హెచ్‌టీఎంఎల్, డాట్ టెక్స్ట్ లాంటివి ఏమీ పెట్టకండి. ఆ ఫైలు పేరు చివర చుక్కతో వచ్చే తోక ఏదీ ఉండదు.

ఆరోది, నెట్ లేకుండానే క్రోమ్ తెరవండి. ఫోల్డర్లు కనబడగానే సంతోషపడి వైఫై ఆన్ చేయకండి! ముందు పైన చెప్పినట్టు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ తీయండి, తెరిచి చూసుకోండి. తర్వాతే నెట్. అప్పుడు సింక్ వచ్చి మళ్లీ తుడిచినా భయం లేదు. ఆ హెచ్‌టీఎంఎల్‌ను ఇంపోర్ట్ చేస్తే అవి కొత్తగా చేర్చిన బుక్‌మార్కులుగా లెక్కలోకి వస్తాయి, సింక్ వాటిని ముట్టుకోదు.

ఆ డాక్యుమెంట్ రైటర్‌కు ఇలాగే తీసి ఇచ్చాను. ఆయన ఫార్మాట్‌కు ఇవ్వకముందే ఇంట్లో పిల్లలు నాలుగు ఫోల్డర్లూ డిలీట్ చేశారట, ఆయన మాత్రం మర్నాడు క్రోమ్ తెరవలేదు. అదే ఆయన అదృష్టం. తెరుచుకున్నాక మాత్రం ధరణి లింకులన్నీ పాతబడి కనబడ్డాయి. 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది కదా. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చాక సర్కారు సైట్ల చిరునామాలు కూడా కొన్ని మారాయి. లింకు తెరుచుకోకపోతే బ్యాకప్ చెడిందని నన్ను తిట్టకండి, ముందు సైట్ చిరునామా మారిందేమో చూడండి.

ఫైర్‌ఫాక్స్ వాళ్లకు ఈ బాధ లేదు

ఫైర్‌ఫాక్స్ తనంతట తానే తేదీల వారీగా బ్యాకప్‌లు దాచుకుంటుంది. లైబ్రరీలో ఇంపోర్ట్ అండ్ బ్యాకప్, దాని కింద రీస్టోర్ దగ్గరికి పోతే తేదీల జాబితా వస్తుంది. పోకముందు రోజును ఎంచుకోండి. ఒక్కటే జాగ్రత్త: రీస్టోర్ చేస్తే ఇప్పుడున్నవన్నీ తీసేసి ఆ రోజువి పెడుతుంది. ఈ మధ్య చేర్చినవి కావాలంటే ముందు ఎక్స్‌పోర్ట్ తీసుకోండి. బుక్‌మార్కుల విషయంలో క్రోమ్ కంటే ఫైర్‌ఫాక్సే నయమని నేను అందుకే అంటాను. ఎవరూ వినరు, అది వేరే సంగతి.

ఫోన్‌లో అయితే

ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌పోర్ట్ లేదు, వెతకకండి. అదే అకౌంట్‌తో కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి, సింక్ అయ్యాక అక్కడి నుంచి తీయండి. కంప్యూటర్ లేకపోతే గూగుల్ టేకౌట్‌లోకి (గూగుల్ దగ్గరున్న మన డేటాను దింపుకునే సైట్‌లోకి) వెళ్లి, అన్ని టిక్కులూ తీసేసి క్రోమ్ ఒక్కటే ఉంచండి. అన్నీ ఉంచితే ఫొటోలతో కలిపి జీబీలు జీబీలు వస్తాయి. వచ్చిన జిప్‌ను విప్పితేనే లోపలి బుక్‌మార్క్స్ ఫైలు ఇంపోర్ట్‌కు పనికొస్తుంది. జిప్‌ను అలాగే ఇచ్చి "రావట్లేదన్నా" అనకండి.