రీవర్క్ అయిన క్లాసుతో ఆట – 3వ పాఠం: పాత వేలికి కొత్త అలవాటు

ఆటలో మన పాత్ర రకాన్ని (క్లాసు) తయారు చేసినవాళ్లే తిరగరాస్తే (రీవర్క్) దానికి మళ్ళీ ఎలా అలవాటు పడాలన్నదే ఈ పాఠాల సంగతి. పోయిన పాఠంలో ప్యాచ్ నోట్స్ (ఆటలో చేసిన మార్పుల జాబితా) చదివి కాగితం మీద మూడు సంగతులు రాసుకోమన్నాను: వనరు (దెబ్బలు కొట్టడానికి ఖర్చయ్యే శక్తి) ఎక్కడి నుంచి వస్తోంది, ఎక్కడ ఖర్చవుతోంది, ఏ బటన్ మాయమైంది. ఆ కాగితం దగ్గర పెట్టుకుని కూర్చోండి. ఇవాళ్టి ఉదాహరణ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలోని రెట్రిబ్యూషన్ పాలడిన్, అంటే పాలడిన్ క్లాసులో కత్తి పట్టి కొట్టే రకం (స్పెక్). 2023 మార్చిలో 10.0.7 ప్యాచ్‌తో ఈ స్పెక్‌ని విప్పి మళ్ళీ కుట్టారు. ఆ తర్వాతి ప్యాచుల్లో అంకెలు మారుతూ వచ్చాయి కాబట్టి మీ టూల్‌టిప్ (బటన్ మీద మౌస్ పెడితే కనిపించే వివరం) వేరేగా చెబితే దాన్నే నమ్మండి. పద్ధతి మాత్రం ఏ క్లాసుకైనా ఇదే.

ముందు వనరు లెక్క. పాలడిన్ వనరు పేరు హోలీ పవర్, అది ఐదుకి మించి నిలవదు. టెంప్లర్స్ వెర్డిక్ట్ కొట్టాలంటే మూడు కావాలి, గుంపు మీద కొట్టే డివైన్ స్టార్మ్‌కీ మూడే. వేక్ ఆఫ్ యాషెస్ ఒక్క దెబ్బతో మూడు తెచ్చిపెడుతుంది. అంటే చేతిలో మూడుండగా వేక్ నొక్కితే ఒకటి నేలపాలు, నాలుగుంటే రెండు.

అసలు తిరకాసు క్రూసేడర్ స్ట్రైక్ దగ్గరుంది. వేరే ఏదీ సిద్ధంగా లేనప్పుడు నొక్కే బటన్ అది. రీవర్క్‌లో టాలెంట్ ట్రీలో (నైపుణ్యాలు ఎంచుకునే పట్టికలో) దానికి రెండు దారులు పెట్టారు, ఒకటే ఎంచుకోవాలి. క్రూసేడింగ్ స్ట్రైక్స్ తీసుకుంటే ఆ బటనే ఉండదు. మామూలుగా వాటంతట అవే పడే కత్తి దెబ్బలే ఆ పని చేస్తాయి, ప్రతి రెండు దెబ్బలకీ ఒక హోలీ పవర్ వస్తుంది. టెంప్లర్ స్ట్రైక్స్ తీసుకుంటే ఒక బటనే రెండు దెబ్బల జంట అవుతుంది: మొదటిది కొట్టాక ఐదు సెకన్లలోపు రెండోది కొట్టాలి.

నేను మొదటి దారి పట్టాను. ఏళ్ల తరబడి 1వ కీ మీద క్రూసేడర్ స్ట్రైక్ పెట్టుకున్న చెయ్యి నాది. సాధన కోసం ఆటలో పెట్టిన బొమ్మ, అదే డమ్మీ, ముందు నిలబడితే ఖాళీ కీని వేలు తడుముతూనే ఉంది. చిరాకేసి అక్కడ జడ్జ్‌మెంట్ అనే ఇంకో దెబ్బ పెట్టేశాను. అదే నేను చేసిన తప్పు. ఖాళీ దొరికినప్పుడల్లా వేలు పాత పద్ధతిలోనే వెళ్లి జడ్జ్‌మెంట్ నొక్కేసేది, నేనేమో ఈ క్లాస్‌లో దమ్ము లేదని తిట్టుకునేవాణ్ణి. ఒక బండికి గేరు ముందుకి, ఇంకో బండికి వెనక్కి తొక్కాలి. బండి మారిన రోజు కాలు పాత వైపే పోతుంది, దానికి బండినేం అంటాం? అందుకే నా సలహా: మాయమైన బటన్ చోటు మొదటి వారం ఖాళీగానే వదిలేయండి.

ఇప్పుడు డమ్మీ దగ్గరికి రండి. డ్యామేజ్ మీటర్ (ఎంత గట్టిగా కొట్టామో లెక్క చూపేది) మూసేయండి. అవెంజింగ్ రాత్ లాంటి పెద్ద కూల్‌డౌన్లు (ఒకసారి నొక్కితే మళ్ళీ చాలాసేపు ఆగాల్సిన బటన్లు) ముట్టుకోకండి. క్రూసేడింగ్ స్ట్రైక్స్‌తో ఐదు నిమిషాలు కొట్టండి. రెండు చేతుల ఆయుధం మీద వేగం సాధారణంగా 3.60 అని ఉంటుంది, అంటే 3.6 సెకన్లకో దెబ్బ. హేస్ట్ (దెబ్బల వేగం పెంచే గుణం) కలపకపోతే రెండు దెబ్బలకి 7.2 సెకన్లు, అప్పటికి గానీ ఒక పవర్ రాదు. కుళాయి కింద బిందె పెట్టి వేరే పని చూసుకున్నట్టు ఉంటుంది. మీరు చూడాల్సింది ఒక్కటే: ఐదు నిండి ఉండగా ఇంకొకటి వచ్చి వృథా అయింది ఎన్నిసార్లు? కాగితం మీద గీతలు పెట్టండి.

తర్వాత ఆ లోడౌట్ (టాలెంట్ల ఎంపిక) సేవ్ చేసి, టెంప్లర్ స్ట్రైక్స్‌తో ఇంకోటి తయారు చేసుకుని మళ్ళీ ఐదు నిమిషాలు కొట్టండి. ఈసారి వేళ్లకి విరామం తక్కువ, కళ్లు యాక్షన్ బార్‌కే అతుక్కుంటాయి. కొందరికి ఈ హడావుడే ఇష్టం. నాకు మొదటిదే నచ్చింది, బాస్ (పెద్ద శత్రువు) మన కాళ్ల కింద ఏం వేస్తున్నాడో చూసే తీరిక దొరుకుతుంది.

మూడో విడతలో రెండు లోడౌట్లతోనూ అరనిమిషానికోసారి డమ్మీకి దూరంగా పరిగెత్తి తిరిగి రండి. డమ్మీ కదలదు కాబట్టి మీరే కదలాలి. దూరం జరిగితే కత్తి దెబ్బలు ఆగుతాయి, క్రూసేడింగ్‌లో వాటితో పాటే పవరూ ఆగుతుంది. నిలబడి కొట్టినంతసేపూ ఈ లోటు కనిపించదు.

మనవాళ్ల కోసం ఒక మాట. ఈ ఆటకి ఇండియాలో సర్వర్లు లేవు, పింగ్ (మన నొక్కు సర్వర్‌కి చేరి జవాబు రావడానికి పట్టే ఆలస్యం) ఎక్కువే ఉంటుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ అనిపిస్తే అది క్లాసు నెమ్మదా, లైను నెమ్మదా చూసుకోండి. స్పెల్ క్యూ విండో, అంటే ముందుగా నొక్కిన బటన్‌ని ఆట గుర్తుంచుకునే వ్యవధి, మామూలుగా 400 మిల్లీసెకన్లు ఉంటుంది, కాబట్టి ముందు దెబ్బ పూర్తయ్యే లోపే తర్వాతి బటన్ కాస్త ముందుగా నొక్కినా ఫరవాలేదు.

డమ్మీ అయ్యాక ఫాలోవర్ డంజన్ (జట్టుగా వెళ్లి శత్రువుల్ని కొట్టే చోటు) ఒకటి తిరగండి. 2024 జనవరిలో 10.2.5 ప్యాచ్‌తో వచ్చినవి ఇవి. వెంట వచ్చేది కంప్యూటర్ మనుషులే కాబట్టి ఎన్నిసార్లు తప్పు చేసినా తిట్టేవాళ్లుండరు, టెన్షన్ లేదు.

ఇంటిపని: మూడు రోజులు, రోజుకి ఇరవై నిమిషాలు, వృథా గీతలు రోజురోజుకీ తగ్గాలి. తగ్గాకే మీటర్ తెరవండి. వచ్చే పాఠం 2016లో లీజియన్ అనే ఎక్స్‌పాన్షన్‌తో దూరపు పోరు వదిలి ఈటె పట్టి శత్రువు ముఖాముఖికి వెళ్లిన సర్వైవల్ హంటర్ మీద. ఆ హంటర్ ఒకటి తయారు చేసి ఉంచండి, దూరంగా నిలబడి కొట్టే అలవాటున్న వాళ్లకి అక్కడ ఇంతకంటే ఎక్కువ పనుంది.