చోళుల గుళ్లకు ఒంటరిగా వెళ్తున్నారా? తంజావూరు ఆఖర్న పెట్టుకోండి

తంజావూరు పెద్ద గుడి, అదే బృహదీశ్వరాలయం, ముందే చూసేస్తే మిగిలినవి కంటికి ఆనవు. అందుకే దాన్ని ఆఖర్న చూడమంటాను. మకాం కుంభకోణంలో పెట్టండి. అక్కణ్ణుంచి దారాసురానికి ఆటో చాలు, గంగైకొండచోళపురానికి బస్సుంది, తంజావూరు 40 కిలోమీటర్లే. చెన్నై ఎగ్మూరులో రాత్రి ఉళవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేలోపు కుంభకోణంలో దిగుతారు. డిసెంబరు దాకా అక్కడ వానలు, మార్చి దాటితే ఎండలు. జనవరి, ఫిబ్రవరి మేలు.

నాలాంటి ఒంటరి ఆడవాళ్లకో మాట. గది కోసం ముందే ఫోన్ చేసి, ఒక్కదాన్నే వస్తున్నానని చెప్పేయండి. తోడు లేని ఆడమనిషి గుమ్మంలో కనబడగానే కొన్ని లాడ్జీల్లో గదులన్నీ హఠాత్తుగా నిండిపోతాయి.

మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకి గర్భగుడి మూసేస్తే మళ్లీ నాలుక్కే తెరుస్తారు. కాబట్టి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అంతకు మించి ఆశపడొద్దు. చెప్పులు బయట వదిలి బండపరుపు మీద నడవాలి. పదకొండు దాటితే అరికాళ్లు చుర్రుమంటాయి, సంచిలో ఒక జత సాక్సులుంచుకోండి.

మొదటి సాయంత్రం దారాసురం. 12వ శతాబ్దంలో రెండో రాజరాజు కట్టించిన ఐరావతేశ్వరాలయం. ముందు మండపానికి రాతి చక్రాలు, గుర్రాలు చెక్కి దాన్ని రథం చేశారు. ఇక్కడ తొందరపడకండి. ఒకే తలను పంచుకున్న ఏనుగు, ఎద్దు శిల్పం ఎక్కడుందో అడిగి మరీ చూడండి. ఒక పక్క ఒంటిని అరచేత్తో మూస్తే తల ఎద్దుది, రెండో పక్క మూస్తే అదే ఏనుగుది. జానెడు రాయిలో ఇంత చమత్కారం!

మర్నాడు పొద్దున్నే గంగైకొండచోళపురం. జయంకొండం వైపు బస్సుల మీద బోర్డు తమిళంలోనే ఉంటుంది. "ఇంద బస్ పోగుమా?" అని ఊరి పేరు చెప్పి అడిగితే కండక్టరు తలూపుతాడు, దిగాల్సిన చోట తనే పిలుస్తాడు. దారిలో అణక్కరై దగ్గర కావేరి పాయ కొల్లిడం మీద ఆనకట్ట వస్తుంది. ధవళేశ్వరానికి ముందే, 1830ల్లో మన కాటన్ దొర కట్టించింది. మాది రాజమండ్రి, నేను కిటికీలోంచే దణ్ణం పెట్టుకున్నాను. గుడి రాజేంద్రచోళుడిది. ఉత్తరం వైపు మెట్ల దగ్గర ఆగండి. కూర్చున్న శివుడు వంగి, చండేశుడి తల చుట్టూ పూలదండ చుడుతుంటాడు. ఆ భక్తుడు చేతులు జోడించి ఒదిగిన తీరు చూడాల్సిందే. జనం కూడా ఇక్కడ తక్కువ.

ఓ పూట మిగిలితే కుంభకోణంలో రామస్వామి గుడి చూడండి. తెలుగులో కావ్యాలు రాసిన రఘునాథ నాయకుడి చలవ అది. ప్రాకారం గోడల నిండా రామాయణం బొమ్మలే. డిగ్రీ కాఫీ గురించి వేరే చెప్పాలా?

తంజావూరుకి పదకొండింటికల్లా చేరండి. భోంచేసి, గుడి మూసిన వేళ రాజభవనంలోని సరస్వతీ మహల్‌కి వెళ్తే పొద్దు తెలీదు. తెలుగు తాళపత్రాలెన్నో దాచిన గ్రంథాలయం అది. నాలుగింటికి పెద్ద గుడి. 1010లో పూర్తిచేసిన రాజరాజచోళుడు ఎవరనుకున్నారు? నన్నయ చేత భారతం రాయించిన మా రాజరాజనరేంద్రుడికి తల్లి వైపు తాత. గర్భగుడి మీద 200 అడుగులు దాటి లేచిన విమాన గోపురం మీద సాయంకాలపు ఎండ పడుతుంటే, తల కిందికి దించి గుడి అడుగున ఉన్న రాతి పీఠం, అధిష్ఠానం కూడా చూడండి. చుట్టూ శాసనాలే. గుడికి రప్పించిన 400 మంది నాట్యగత్తెల పేర్లు, ఇళ్లతో సహా రాయించారు. నంది మాత్రం చోళులది కాదు, తర్వాతి నాయకరాజుల కాలంది.

ప్రదోషం నాడైతే ఆ నంది అభిషేకానికి జనం విరగబడతారు. రాళ్లు నింపాదిగా చూసుకోవాలంటే పంచాంగం తిరగేసి త్రయోదశి తప్పించండి.