నెల జీతం ఆగాక మొదటి ఆరు నెలలు: విశాఖ కుటుంబాల కోసం

విశాఖలో పర్మినెంటు ఉద్యోగం పోయిందంటే దానితోపాటే క్వార్టరు, కంపెనీ ఆసుపత్రి, అడగ్గానే లోను ఇప్పించిన ఐడీ కార్డు అన్నీ ఒక్కసారే పోతాయి. "ప్లాంటులో చేస్తారు", "పోర్టులో చేస్తారు" అన్న మాటకు బంధువుల్లో ఉన్న విలువ కూడా పోతుంది. 2009లో మూతపడిన చిట్టివలస జూట్ మిల్లు, 2012లో ఆగిపోయిన జింక్ స్మెల్టరు, 2025లో స్టీల్‌ప్లాంటులో వచ్చిన వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ)... ఈ జిల్లాకు ఇది కొత్త కాదు. ప్రతిసారీ ఎక్కువ కుటుంబాలు ఒకే చోట దెబ్బతింటున్నాయి. జీతం ఆగినా పాత జీతం లెక్కనే ఇల్లు నడిపి, తేడాను క్రెడిట్ కార్డుతో పూడుస్తారు. ఆరు నెలలు గడిచాక చూస్తే చేతిలో సొమ్మూ ఉండదు, అప్పిచ్చేవాడూ ఉండడు. కాబట్టి మొదటి నెలలోనే కదలాలి.

ఆఖరి రోజుకు ముందే

గేటు పాసు చెల్లుతున్నప్పుడు పది నిమిషాల్లో అయ్యే పనికి, అది పోయాక పది రోజులు తిరగాలి. రిలీవింగ్ లెటరు, సర్వీసు సర్టిఫికెట్, ఏడాది పేస్లిప్పులు, జీతంలో కోసిన పన్ను సర్టిఫికెట్ (ఫారం 16), క్వార్టరు నో-డ్యూస్ (బాకీ లేదన్న కాగితం) తీసుకోండి. ఆఫీసు మెయిల్‌కు ముడిపడిన ఖాతాలన్నీ సొంత మెయిల్‌కు, సొంత నంబరుకు మార్చుకోండి. కంపెనీ ఇచ్చిన సిమ్ మీద ఆధార్ ఓటీపీ వస్తుంటే ముందు అది మార్చాలి. లేకపోతే పీఎఫ్ క్లెయిమ్ దగ్గరే ఆగిపోతారు.

క్వార్టరును గడువు దాటి ఉంచుకోకండి. పీనల్ రెంటు మామూలు అద్దెకు ఎన్నో రెట్లు ఉంటుంది. అది మీ సెటిల్మెంటులోంచే కోస్తారు.

పీఎఫ్: కాంట్రాక్టు కార్మికులు మరీ జాగ్రత్తగా చూడాల్సింది

గాజువాక, పరవాడ, దువ్వాడ వైపు కాంట్రాక్టు మీద చేసేవారికి సాధారణంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి గుర్తింపు నంబరు) పుట్టించేస్తారు. పదేళ్లు ఒకే షెడ్డులో పనిచేసినా కాగితాల మీద నలుగురు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తారు. ఇక్కడ తొందరపడి ఆఖరి ఖాతాలోది మాత్రం తీసేసుకుంటే రెండు నష్టాలు. మొత్తం సర్వీసు అయిదేళ్లు దాటలేదని లెక్కేస్తే, 50,000 రూపాయల పైన తీసే మొత్తంపై పాన్ ఉన్నా 10 శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను) పడుతుంది. సర్వీసు పదేళ్లు నిండితేనే నెలవారీ పెన్షన్ హక్కు వస్తుంది, అదీ చేజారుతుంది.

వరస ఇలా ఉండాలి. మొదట పాత ఖాతాలన్నీ తాజా యూఏఎన్‌కు బదిలీ పెట్టండి. బదిలీ తిరస్కరణకు గురైతే మూడు చోట్ల చూడండి: ఆధార్‌లో పేరుకు, పీఎఫ్‌లో పేరుకు అక్షరం తేడా (ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా తేడాయే), పుట్టిన తేదీ, తేదీల అతివ్యాప్తి. ఈ మూడోది ఎవరికీ తట్టదు. మొదటి కాంట్రాక్టరు మీరు మానేసిన తేదీని మార్చి 31 అని వేసి, రెండోవాడు చేరిన తేదీని మార్చి 15 అని వేస్తే సిస్టం ఒప్పుకోదు. జాయింట్ డిక్లరేషనుతో (మీరూ యజమానీ కలిసి ఇచ్చే దిద్దుబాటు అర్జీ) ఆ తేదీ సరిచేయించాలి. కాంట్రాక్టరు దొరక్కపోతే మర్రిపాలెంలోని పీఎఫ్ కార్యాలయంలో గ్రీవెన్సు పెట్టండి. పేస్లిప్పు, గేటు పాసు, బ్యాంకు స్టేట్‌మెంటు మూడూ జతచేస్తే బలం.

మానేసిన తేదీని యజమాని వేయకపోతే, ఆఖరి చందా పడిన నెల తర్వాత రెండు నెలలకు పోర్టల్లో మీరే వేసుకోవచ్చు.

సొమ్ము ఎంత తీయాలి? 2025 అక్టోబరులో పీఎఫ్ ధర్మకర్తల బోర్డు తీసుకున్న నిర్ణయం ప్రకారం ఉద్యోగం పోగానే 75 శాతం, పన్నెండు నెలల నిరుద్యోగం తర్వాత మిగతాది. తీయగలిగినంతా తీయాలని లేదు. ఖాతాలో ఉన్నదానికి వడ్డీ వస్తూనే ఉంటుంది. ఇంట్లో ఉన్న సొమ్ముకైతే "ఒక్క నెలలో ఇచ్చేస్తాను బావా" అనేవాళ్లే వస్తారు. మూడు నెలల ఖర్చుకు సరిపడా తీసి మిగతాది అక్కడే ఉంచండి. పెన్షన్ భాగాన్ని తీసేయకుండా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే రేపు ఇంకో ఉద్యోగంలో ఆ సర్వీసు కలుస్తుంది.

గ్రాట్యుటీ

ఆఖరి నెల బేసిక్, డీఏ కలిపి 15తో గుణించి 26తో భాగిస్తే ఒక ఏడాదికి వచ్చేది తెలుస్తుంది. 26,000 జీతానికి ఏడాదికి 15,000. పన్నెండేళ్లకు 1,80,000. గ్రాట్యుటీ దరఖాస్తు రాసిచ్చి, దాని నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. చెల్లించాల్సింది ముప్పై రోజుల్లో. ఆలస్యమైతే వడ్డీ అడగొచ్చు.

ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో ముందే తేల్చుకోండి. పోర్టు, స్టీల్‌ప్లాంటు వంటి కేంద్ర సంస్థల్లో పనిచేసే కాంట్రాక్టరు అయితే కేంద్ర లేబర్ కమిషనర్ కార్యాలయం. ప్రైవేటు ఫార్మా కంపెనీ అయితే రాష్ట్ర కార్మిక శాఖ. తప్పు గుమ్మం ఎక్కితే నెల పోతుంది. కాంట్రాక్టరు జీతం బాకీ ఎగ్గొడితే అది చెల్లించే బాధ్యత అసలు కంపెనీ మీద పడుతుంది. ఆ మాట అర్జీలో స్పష్టంగా రాయండి.

ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) పరిధిలో ఉన్నవారికి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద సగటు రోజు వేతనంలో సగం, 90 రోజుల వరకు, జీవితంలో ఒక్కసారి వస్తుంది. పని పోయిన ముప్పై రోజుల తర్వాత క్లెయిమ్ వేయాలి. ఈ పథకం గడువు పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి వేసే నాటికి అమల్లో ఉందో లేదో బ్రాంచి ఆఫీసులో అడగండి.

ఇంటి లెక్క

మొదటి వారంలోనే అందరూ కూర్చోవాలి. పిల్లలు పదో తరగతి దాటినవాళ్లయితే వాళ్లూ ఉండాలి. ఇంటాయన రోజూ క్యారేజీ కట్టించుకుని బీచ్ రోడ్డులో సాయంత్రం దాకా కూర్చుని రావడం చాలా ఇళ్లల్లో జరుగుతోంది. అలా దాచిన ప్రతి నెలా అప్పుగా తేలుతుంది.

60,000 జీతం వచ్చిన ఇంటి లెక్క ఒకటి చూడండి. హోమ్‌లోన్ 18,000, కారు కిస్తీ 9,000, చీటీ 5,000, ఫీజులు 7,000, సరుకులు, పాలు, కూరగాయలు 13,000, కరెంటు, గ్యాసు, ఫోన్లు 4,000, పెట్రోలు, చదివింపులు 4,000. అందరూ మొదట కోసేది పాలు, కూరగాయలు. అక్కడ ఎంత పీడించినా రెండు మూడు వేలు దాటదు, పైగా ఇంట్లో గొడవ. మొదటి మూడు వరసలే 32,000. చెయ్యి పెట్టాల్సింది అక్కడ.

కారు అమ్మేయండి. మార్కెట్ ధర మిగిలిన లోను కంటే తక్కువున్నా సరే, ఆ తేడా ఇప్పుడు కట్టేయడమే చవక. కిస్తీతోపాటు ఇన్సూరెన్సు, పెట్రోలు ఆగుతాయి. వీధిలో ఏమనుకుంటారో అన్న బెంగతోనే చాలామంది ఈ పనిని ఎనిమిదో నెల దాకా వాయిదా వేస్తారు. చదివింపులకు నెలకింత అని ఒక అంకె పెట్టుకుని, అది దాటితే పెళ్లికి వెళ్లి అక్షింతలు వేసి రండి.

అప్పులు: ఏది ముందు

హోమ్‌లోన్ ఉన్న బ్యాంకుకు మొదటి కిస్తీ తప్పకముందే వెళ్లాలి. రిలీవింగ్ లెటరు చూపించి కాలం పెంచమని, కొన్నాళ్లు వడ్డీ మాత్రం కట్టనిమ్మని రాతపూర్వకంగా అడగండి. మొత్తం వడ్డీ పెరుగుతుంది, నిజమే. అయినా ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది. బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, ఆ తర్వాత మేనేజరు చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. సర్ఫేసీ చట్టం (తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే వీలిచ్చేది) కింద 60 రోజుల నోటీసు వస్తే పక్కన పడేయకుండా అభ్యంతరం రాసి ఇవ్వండి. బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. చేస్తే ముందు బ్యాంకుకే ఫిర్యాదు చేయండి. ముప్పై రోజుల్లో తేలకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, ఫోను 14448.

క్రెడిట్ కార్డు మినిమం డ్యూ పెద్ద ఉచ్చు. నెలకు మూడున్నర శాతం అంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. నూటికి మూడు రూపాయలు అంటే భయపడి వెనక్కొచ్చే మనిషే కార్డు మీద అంతకన్నా ఎక్కువ కడుతుంటాడు. 50,000 బాకీ మీద నెల వడ్డీ 1,750, దానిమీద జీఎస్టీ 315. మీరు 2,500 కడితే అసలుకు చేరేది 435 రూపాయలు. దీన్ని మొదట తీర్చాలి. చేతిలో సొమ్ము లేకపోతే బ్యాంకులో బంగారం పెట్టి అయినా తీర్చడం లాభమే.

బంగారం విషయంలో ఒకే జాగ్రత్త. అర్హత ఎంత వచ్చినా అంతా తీసుకోకండి. గరిష్ఠంగా తీసుకుంటే ధర కాస్త తగ్గగానే అదనంగా కట్టమంటారు, లేదా వేలం నోటీసు పంపుతారు. విలువలో సగం తీసుకుని, వడ్డీ నెలనెలా కట్టండి. రసీదు మీద ప్రతి వస్తువు తూకం, స్వచ్ఛత విడివిడిగా రాయించుకోండి. అప్పు తీరాక ఏడు పనిదినాల్లో నగ తిరిగివ్వాలి, ఆలస్యమైతే రోజుకు 5,000 పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన.

చీటీల్లో పాడినదానికీ పాడనిదానికీ దారి వేరు. పాడని చీటీ అయితే మీ స్థానంలో ఇంకొకరిని చేర్చమని ఫోర్‌మన్‌ను (చీటీ నడిపేవారిని) అడగొచ్చు, కట్టింది పోదు. పాడేసిన చీటీ అయితే ఏం చేసినా కట్టాల్సిందే. ఆపితే మీకు జామీను ఉన్న తోటి ఉద్యోగి జీతం మీద పడుతుంది. స్నేహం, ఉద్యోగం పోయాక మిగిలే కొద్దిపాటి ఆస్తుల్లో ఒకటి. దాన్ని ఇలా పోగొట్టుకోకండి. మీరు ఎవరికి జామీను ఉన్నారో కూడా ఇప్పుడే చూసుకోండి.

లోన్ యాప్‌ల జోలికి అసలు వెళ్లొద్దు. ఫోన్‌లో కాంటాక్టులు, ఫొటోలు అడిగిందంటే ఆ యాప్ అప్పు కోసం పుట్టింది కాదు. బెదిరింపు మొదలైతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చేతికొచ్చిన పెద్ద సొమ్ము

వీఆర్‌ఎస్ పరిహారంలో 5 లక్షల వరకు పన్ను మినహాయింపు ఉంది. 55 దాటి వీఆర్‌ఎస్ తీసుకున్నవారు, సొమ్ము అందిన మూడు నెలల్లోగా పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ తెరవొచ్చు. పరిమితి 30 లక్షలు. 8.2 శాతం రేటు మీద పది లక్షలు వేస్తే మూడు నెలలకోసారి 20,500 వస్తుంది. ఈ మూడు నెలల గడువు దాటితే 60 ఏళ్లు వచ్చేదాకా ఆగాలి. బ్యాంకు డిపాజిట్లయితే ఒక్కో బ్యాంకులో 5 లక్షలకే బీమా ఉంటుంది కాబట్టి విడదీసి వేయండి.

నూటికి రెండు రూపాయలు ఇస్తామని ఇంటికొచ్చే తెలిసినవాళ్లు సరిగ్గా సెటిల్మెంటు వారంలోనే వస్తారు. మీకు ఎంతొచ్చిందో వాళ్లకు ముందే తెలుసు. మూడు నెలలు దేనికీ సంతకం చేయనని ఇంట్లో అందరి ముందూ చెప్పేయండి.

ఆసుపత్రి

కంపెనీ గ్రూప్ పాలసీ ఆగకముందే అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారతామని రాసివ్వండి. అలా మారితే షుగరు, బీపీ లాంటి పాత జబ్బులకు గడిపేసిన నిరీక్షణ కాలం కలిసొస్తుంది. ఒక్క నెల ఖాళీ ఇచ్చి కొత్తది కొంటే మొదటినుంచి మొదలు. ఈఎస్ఐ ఉన్నవారికి చందా ఆగిన రోజే వైద్యం ఆగదు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు కట్టిన చందాకు తర్వాతి జనవరి నుంచి జూన్ వరకు అర్హత ఉంటుంది. మల్కాపురం ఆసుపత్రిలో కార్డు చూపించండి. కేజీహెచ్, హనుమంతవాక దగ్గరి విమ్స్ వంటి ప్రభుత్వ ఆసుపత్రులు ఎలాగూ ఉన్నాయి.

రైస్ కార్డు అడగడానికి మొహమాటపడకండి. పట్టణంలో నెల ఆదాయం 12,000 లోపు, కరెంటు 300 యూనిట్ల లోపు, సొంత కారు లేకపోవడం వంటివి చూస్తారు. కారు అమ్మాక ఆర్సీ పేరు మారిందో లేదో చూసుకుని వార్డు సచివాలయానికి వెళ్లండి. పేరు మారకపోతే రికార్డులో కారు మీదే, అర్జీ అక్కడే ఆగుతుంది.

కొత్త సంపాదన

సెటిల్మెంటు సొమ్ముతో జనం ఎక్కువగా చేసేవి రెండు: కర్రీ పాయింటు, ట్యాక్సీ. కర్రీ పాయింటు పెట్టాలంటే షాపు అడ్వాన్సు ఇచ్చేముందు రెండు నెలలు ఇంటినుంచే రోజుకు ఇరవై మధ్యాహ్నం క్యారేజీలు అమ్మి చూడండి. కూర్మన్నపాలెం షిఫ్టు కార్మికులు, మధురవాడ హాస్టళ్ల పిల్లలు ఇద్దరికీ వేళలు, కారం, ధర వేరు. నోటుబుక్కులో రోజూ మూడు అంకెలు రాయండి: అమ్మింది, మిగిలి పారేసింది, మీ ఇద్దరి కూలీ. చాలా లెక్కలు లాభంగా కనిపించేది ఆ మూడోది రాయనందుకే. చేపల కూర మీద ఆధారపడితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం గుర్తుంచుకోండి. ఫిబ్రవరి ధరతో మెనూ వేసినవాడు మేలో నష్టపోతాడు. మొత్తం పెట్టుబడి మీ సొమ్ములో అయిదో వంతు దాటకూడదు.

వెల్డరు, ఫిట్టరు, క్రేన్ ఆపరేటరు అయితే అనుభవం ఒక్కటీ చాలదు, చేతిలో కాగితం ఉండాలి. పైపు వెల్డరు 6జీ టెస్టు (ఏటవాలుగా బిగించిన పైపును వెల్డ్ చేసే పరీక్ష) పాసైతే కూలీ రేటే మారుతుంది.

గల్ఫ్ వెళ్లాలనుకుంటే ఏజెంటు లైసెన్సు నంబరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో స్వయంగా చూడండి. వాళ్లు తీసుకోదగ్గ ఫీజు 30,000, పైన జీఎస్టీ. అంతే. టూరిస్టు వీసా మీద పంపి అక్కడ మారుస్తామంటే లేచి వచ్చేయండి. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారంలో మన కుర్రాళ్లను డేటా ఎంట్రీ ఉద్యోగాలని తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించారు. పాస్‌పోర్టు, ఒప్పందం, వీసా నకళ్లు ఇంట్లో ఒక సెట్టు ఉంచి, ఏజెంటుకు డబ్బు బ్యాంకు ద్వారానే ఇచ్చి రసీదు తీసుకోండి.